పాలీహౌస్ బెడ్లలో ఉప్పు పేరుకోకుండా ఎరువు నీళ్ళు ఎలా ఇవ్వాలి

మధ్యాహ్నం పన్నెండు దాటాక క్యాప్సికం ఆకులు వాలిపోతున్నాయా? బెడ్డులో వేలు గుచ్చి చూస్తే చెమ్మ బాగానే ఉందా? ముదురు ఆకుల అంచులు మాడి, కొత్త ఆకులు చిన్నవిగా, మరీ ముదురు పచ్చగా వస్తూ, కాయల అడుగున నల్లటి మచ్చ పడుతోందా? ఇలాంటప్పుడు చాలామంది చెయ్యి 19:19:19 ఎరువు బస్తా మీదికి వెళ్తుంది. దయచేసి ఆగండి. ఆ మొక్క ఆకలితో లేదు. వేరు చుట్టూ ఉప్పు పెరిగిపోయి, నీళ్ళు కళ్ళముందే ఉన్నా పీల్చుకోలేకపోతోంది. ఇంకాస్త ఎరువు పోస్తే ఇంకాస్త ఉప్పు పోసినట్టే.

ముందు ఒక మొక్కను నిదానంగా తవ్వి వేరు చూడండి. వేళ్ళ మీద బుడిపెలుంటే అది నులిపురుగుల సమస్య. వేరు కుళ్ళి, పై తొక్క ఊడొస్తుంటే శిలీంధ్రం. బుడిపెలు లేకుండా వేరు కొనలు గోధుమ రంగుకు తిరిగి, తెల్లటి పీచు వేళ్ళు బాగా తగ్గిపోతే ఉప్పును అనుమానించండి. అనుమానాన్ని తేల్చేది ఈసీ మీటరే. ఈసీ అంటే విద్యుత్ వాహకత: నీటిలో కరిగిన ఉప్పు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది.

ఉప్పు ఎక్కడినుంచి వస్తోంది

బయటి పొలంలో ఏటా వానలు పడి ఉప్పును కిందికి కడిగేస్తాయి. పాలీహౌస్‌లో పైన కప్పు ఉంది కాబట్టి ఆ కడుగుడు ఉండదు. మొక్క నీటిని తాగి, అందులోని సోడియం, క్లోరైడ్‌లను చాలావరకు బెడ్డులోనే వదిలేస్తుంది.

లెక్క వేసి చూడండి. ఈసీ 1.0 ఉన్న బోరు నీటిలో లీటరుకు దాదాపు 640 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. 1,000 చదరపు మీటర్ల పాలీహౌస్‌కు రోజుకు 3,000 లీటర్లు ఇస్తే రోజూ 1.9 కిలోల లవణాలు లోపలికి వస్తాయి. ఆరు నెలల పంట పూర్తయ్యేసరికి అది సుమారు 350 కిలోలు. ఇదంతా ఒక్క గ్రాము ఎరువు వేయకముందే! దాని మీద ఎరువులు, ఆపైన బెడ్డు తయారీలో కలిపిన కోళ్ల ఎరువు. కోళ్ల ఎరువులో లవణాలు ఎక్కువ. క్యాప్సికం వేసే బెడ్డుకు బాగా చివికిన పశువుల ఎరువే వాడండి, అదీ అవసరమైనంతే.

ఏ పంట ఎంత ఓర్చుకుంటుంది

కింది అంకెలు నేలను నీటితో ముద్దలా తడిపి, అందులోంచి తీసిన సారం ఈసీవి. ఇక్కడ ఈసీ అంటే అన్నిచోట్లా మీటరుకు డెసీసీమెన్స్. మీటరు మీద మిల్లీసీమెన్స్‌/సెంటీమీటరు అని ఉన్నా అంకె అదే.

- క్యాప్సికం: 1.5 వరకు నష్టం లేదు. ఆపైన ప్రతి ఒక యూనిట్‌కు దిగుబడి దాదాపు 14 శాతం తగ్గుతుంది.
- కీరదోస: హద్దు 2.5. ఆపైన యూనిట్‌కు 13 శాతం.
- టమాట: హద్దు 2.5. ఆపైన యూనిట్‌కు సుమారు 10 శాతం.
- బీన్స్: హద్దు 1.0 మాత్రమే. ఆపైన యూనిట్‌కు 19 శాతం.

అంటే ఈసీ 3.5 ఉన్న బెడ్డులో టమాట పదో వంతు నష్టంతో బయటపడుతుంది, క్యాప్సికం మాత్రం నాలుగో వంతుకు పైగా పోగొట్టుకుంటుంది. మీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయని తెలిసాక పంటను ఎంచుకోవాల్సింది ఈ పట్టిక చూసే, పక్క రైతు ఏం వేశాడో చూసి కాదు.

మొదటి పని: నీటి పరీక్ష

బోరును అరగంట నడిపాక ఒక లీటరు శుభ్రమైన సీసాలో పట్టి ల్యాబుకు పంపండి. ఈసీ, పీహెచ్‌తో పాటు సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్, కాల్షియం, మెగ్నీషియం అడగండి. ఒక్క ఈసీ చూసి ఊరుకుంటే సగం సంగతే తెలుస్తుంది. ఒకే ఈసీ ఉన్న రెండు బోర్లలో ఒకదానిది కాల్షియం, మెగ్నీషియంల వల్ల వచ్చినదైతే ఎరువులో వాటిని తగ్గించుకుని సర్దుకోవచ్చు. రెండోదానిది సోడియం వల్ల వచ్చినదైతే అది మొక్కకు పనికిరాని బరువు, నేలను కూడా పాడు చేస్తుంది. ల్యాబు కాగితంలో అవశేష సోడియం కార్బొనేట్ అనే వరుస ఉంటే దాన్నీ చూడండి: లీటరుకు 1.25 మిల్లీఈక్వివలెంట్ల లోపు ఉంటే మంచిది, 2.5 దాటితే ఆ నీటిని నేరుగా వాడకూడదు.

ఎండాకాలంలో ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి పరీక్ష చేయించండి. ఏప్రిల్‌లో బోరు మట్టం దిగినప్పుడు వచ్చే అంకె, అక్టోబరు అంకె ఒకటి కావు.

రెండో పని: బెడ్డులో ఈసీ మీరే కొలుచుకోవడం

దీనికి కావలసినవి ఒక పెన్ను రకం ఈసీ మీటరు, 1.413 ప్రామాణిక ద్రావణం, డిస్టిల్డ్ వాటర్, కొలతగీతలున్న ప్లాస్టిక్ జగ్గు, వడపోత కాగితం. ప్రతి కొలతకూ ముందు మీటరును ఆ ద్రావణంలో పెట్టి సరిచేసుకోండి. సరిచేయని మీటరు మీద ఆధారపడేకంటే మీటరు లేకపోవడమే నయం.

1. ఎరువు ఇచ్చిన మర్నాడు, నీళ్ళు పెట్టకముందు మట్టి తీయండి. ఒక్కో బెడ్డు వరుసలో 8–10 చోట్ల, డ్రిప్పర్‌కు 10 సెంటీమీటర్ల దూరంలో, 20 సెంటీమీటర్ల లోతు వరకు. పైన తేలిన తెల్లటి పొరను ముందే పక్కకు గీకేయండి. అది కలిస్తే అంకె ఉత్తుత్తినే పెరిగిపోతుంది.
2. జగ్గులో 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, నీటి మట్టం 300కు చేరేవరకు మట్టి వేయండి.
3. బాగా కలిపి, అరగంట ఉంచి, మళ్ళీ కలిపి వడకట్టండి. వడిసిన నీటిలో మీటరు పెట్టండి.

ఈ పద్ధతిలో క్యాప్సికం బెడ్డుకు 1.0 అటూఇటూ ఉంటే నిశ్చింత. 1.5 దాటితే ఎరువు తగ్గించి బెడ్డు కడగాలి. కీరదోస, టమాటలకు ఇంకో అర యూనిట్ వెసులుబాటు ఉంది. ఇవి రోజువారీ పని నడవడానికి పెట్టుకున్న హద్దులు. నల్లరేగడి కలిసిన మట్టికీ, ఇసుక ఎర్రమట్టికీ కొంత తేడా వస్తుంది, కాబట్టి మీ బెడ్డు అంకె నెలనెలా పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ఎక్కువ విలువైన సమాచారం.

ఇక్కడ ఒక పొరపాటు చాలాచోట్ల జరుగుతోంది. భూసార పరీక్ష ల్యాబులు ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్ళు కలిపి కొలుస్తాయి. ఆ కార్డు మీద 1.0 లోపు ఉంటే 'సాధారణం' అని రాసిస్తారు. పొలం పంటలకు అది సరే. కానీ నీళ్ళు ఎక్కువ కలిపారు కాబట్టి ఆ అంకె పలచబడ్డది. పైన ఇచ్చిన ముద్ద సారం లెక్కలో అది రెండింతలకు పైగానే తేలుతుంది. కార్డులో 0.9 చూసి క్యాప్సికం నాటేస్తే మొదటి నెల నుంచే దెబ్బ తగులుతుంది.

మూడో పని: నీటి పీహెచ్‌ను దించడం

మన బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువ. వాటితో డ్రిప్పర్లు మూసుకుపోతాయి, ఇనుము అందక కొత్త ఆకులు పసుపెక్కుతాయి. ల్యాబు బైకార్బొనేట్‌ను మిల్లీగ్రాముల్లో ఇస్తే 61తో భాగించండి, మిల్లీఈక్వివలెంట్లు వస్తాయి. అందులో ఒక్కటి వదిలేసి మిగతాదాన్ని ఆమ్లంతో విరవాలి. 1,000 లీటర్లలో ఒక మిల్లీఈక్వివలెంట్ విరగడానికి 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 68 మిల్లీలీటర్లు, లేదా 60 శాతం నైట్రిక్ ఆమ్లం సుమారు 76 మిల్లీలీటర్లు కావాలి.

మొత్తం ఫాస్ఫారిక్‌తోనే కానివ్వకండి. ప్రతి మిల్లీఈక్వివలెంట్‌కూ 31 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) భాస్వరం చేరుతుంది. నాలుగు విరిస్తే 124 పీపీఎం, క్యాప్సికంకు కావలసినదానికి ఎన్నో రెట్లు. జింకు, ఇనుము లోపాలు వెంటనే మొదలవుతాయి. ఒక వంతు ఫాస్ఫారిక్, మిగతాది నైట్రిక్ పెట్టుకుని, నైట్రిక్ నుంచి వచ్చే నత్రజనిని (ఒక్కో మిల్లీఈక్వివలెంట్‌కు 14 పీపీఎం) ఎరువు లెక్కలో తగ్గించుకోండి. డ్రిప్పర్ దగ్గర పీహెచ్ 5.8–6.5 మధ్య ఉండాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా డబ్బా మూత తీయవద్దు.

నాలుగో పని: ఎరువు ఎంత గాఢతలో

ఎకరాకు ఇన్ని కిలోలు అని లెక్కపెట్టడం మనకు అలవాటు. వేరుకు మాత్రం కిలోలు తెలియవు, తనను తాకిన నీటి గాఢతే తెలుసు.

1,000 చదరపు మీటర్లలో 600 మీటర్ల పొడవు బెడ్లు, బెడ్డుకు రెండు లేటరళ్ళు (డ్రిప్పర్లుండే సన్న పైపులు), 30 సెంటీమీటర్లకో డ్రిప్పర్ అనుకోండి. 4,000 డ్రిప్పర్లు అవుతాయి. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్ అయితే గంటకు 8,000 లీటర్లు పారుతుంది. ఇప్పుడు 3 కిలోల పొటాషియం నైట్రేట్ (13:0:45) కలిపి వెంచురీని (ఎరువు ద్రావణాన్ని డ్రిప్ లైనులోకి పీల్చే పరికరం) పూర్తిగా తెరిస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఐదు నిమిషాల్లో పారిన నీళ్ళు 670 లీటర్లు. లీటరుకు 4.5 గ్రాములు! పొటాషియం నైట్రేట్ లీటరుకు గ్రాము కలిపితే ఈసీ సుమారు 1.3 పెరుగుతుంది. అంటే నీటి ఈసీ మీద ఇంకో 5.5కు పైగా ఎక్కినట్టు. అదే ఎరువును మూడు రోజులకు పంచి, రోజుకు కిలో చొప్పున 2,000 లీటర్లలో ఇస్తే పెరిగేది 0.65 మాత్రమే. వారానికి రెండుసార్లు గట్టిగా ఇవ్వడం మాని రోజూ పలుచగా ఇవ్వమని చెప్పేది ఇందుకే.

డ్రిప్పర్ నుంచి పడే నీటి మొత్తం ఈసీకి లక్ష్యాలు:

- నాటిన మొదటి మూడు వారాలు: ఏ పంటకైనా 1.0–1.2
- క్యాప్సికం పూత, కాపు దశ: 1.5–1.8
- కీరదోస కాపు దశ: 1.8–2.2
- టమాట కాపు దశ: 2.0–2.5

ఎండాకాలంలో వీటి కింది అంచు పాటించండి. ఎండకు మొక్క నీళ్ళు ఎక్కువగా, ఎరువు తక్కువగా తీసుకుంటుంది.

క్యాప్సికం కాపు దశకు, 0.8 ఈసీ ఉన్న నీటికి, 1,000 లీటర్లకు ఒక నమూనా: కాల్షియం నైట్రేట్ 300 గ్రాములు, పొటాషియం నైట్రేట్ 250, 12:61:0 ఎరువు 70, మెగ్నీషియం సల్ఫేట్ 150. దీంతో ఈసీ సుమారు 0.85 పెరిగి మొత్తం 1.65 దగ్గర నిలుస్తుంది. నత్రజని 85 పీపీఎం, పొటాష్ మూలకంగా 90 పీపీఎం పైచిలుకు అందుతాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం వాడుతుంటే 12:61:0 తీసేయండి.

కాల్షియం నైట్రేట్‌ను మిగతావాటితో ఒకే డ్రమ్ములో చిక్కగా కలపకూడదు. సల్ఫేట్‌తో కలిస్తే జిప్సం, ఫాస్ఫేట్‌తో కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్ ఏర్పడి అడుగున సున్నంలా దిగుతుంది, తర్వాత లేటరళ్ళలో గడ్డకడుతుంది. రెండు డ్రమ్ములు పెట్టుకోండి. ఒక్కటే ఉంటే రోజు విడిచి రోజు మార్చి ఇవ్వండి.

ఎరువు ఎంపికలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌ను పాలీహౌస్ గుమ్మం దాటనివ్వకండి. చవకే, కానీ ఉప్పు సూచిక (ఎరువు నేలలోని నీటిని ఎంత ఉప్పగా మారుస్తుందో చెప్పే అంకె) దానిది 116. పొటాషియం నైట్రేట్‌ది 74, సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌ది 46, 0:52:34ది 8. పైగా మ్యూరేట్‌తో వచ్చే క్లోరైడ్‌ను మొక్క వాడుకునేది చాలా తక్కువ. యూరియా విషయంలో మీటరును నమ్మి మోసపోవద్దు. నీటిలో కరిగిన యూరియా ఈసీ మీటరుకు కనబడదు. నాలుగైదు రోజుల్లో నేలలో అది అమ్మోనియంగా, నైట్రేట్‌గా మారాక మీటరు ముల్లు లేస్తుంది. 19:19:19 లాంటి మిశ్రమాల్లో నత్రజని కొంత యూరియా రూపంలో ఉంటుంది కాబట్టి వాటికీ ఇదే వర్తిస్తుంది.

ఇచ్చే పద్ధతి: మొదటి ఐదు నిమిషాలు మంచినీళ్ళు, లైన్లు నిండేదాకా. తర్వాత ఎరువు. చివరన లైన్లు కడిగేంత, అంటే ఐదు నుంచి పది నిమిషాలు మళ్ళీ మంచినీళ్ళు. మరీ ఎక్కువసేపు నడిపితే నైట్రేట్ వేరు కిందికి జారిపోతుంది. వారానికొకసారి చివరి లేటరల్ కొసన ఉన్న డ్రిప్పర్ కింద సీసా పెట్టి, పట్టిన నీటి ఈసీ, పీహెచ్ చూడండి. లెక్కకూ దీనికీ 0.2కు మించి తేడా వస్తే వెంచురీ పీల్పు మారిందనో, తూకం తప్పిందనో అర్థం. మొదటి డ్రిప్పర్, చివరి డ్రిప్పర్ ఒక్కో నిమిషంలో ఎంతెంత ఇస్తున్నాయో కూడా కొలవండి. సగం మూసుకుపోయిన డ్రిప్పర్ దగ్గరి మొక్కే మొదట ఉప్పుకు లొంగుతుంది.

ఐదో పని: క్రమం తప్పకుండా ఉప్పు దించడం

పంట తాగే నీటి కంటే కొంత ఎక్కువ ఇచ్చి, ఆ ఎక్కువ నీటితో ఉప్పును వేరు కిందికి నెట్టాలి. ఎంత ఎక్కువో తేల్చే లెక్క: పంట ఓర్పు హద్దును 5తో హెచ్చించి, అందులోంచి నీటి ఈసీ తీసేయండి. వచ్చినదానితో నీటి ఈసీని భాగించండి. ఇక్కడ బోరు నీటి ఈసీనే వేయాలి, ఎరువు కలిపినది కాదు. మోతాదు సరిగ్గా ఉంటే ఎరువును మొక్క తినేస్తుంది.

ఈసీ 1.0 నీరు, క్యాప్సికం: 5 × 1.5 = 7.5, 7.5 – 1.0 = 6.5, 1.0 ÷ 6.5 = 0.15. ఇచ్చే మొత్తం నీటిలో 15 శాతం కిందికి దిగిపోవాలి. కీరదోసకు అదే నీటితో 9 శాతం చాలు. పంట రోజుకు 2,500 లీటర్లు తాగుతుంటే క్యాప్సికంకు వారానికి సుమారు 3,000 లీటర్లు అదనం. పైన చెప్పిన డ్రిప్‌తో ఇది 20–25 నిమిషాల పని. వారంలో ఒక రోజు పెట్టుకుని, తెల్లవారుజామున, ఎరువు లేకుండా, పది నిమిషాలు నడిపి అరగంట ఆపుతూ ఇవ్వండి. ఒకేసారి వదిలితే నీళ్ళు బెడ్డు పగుళ్ళలోంచి జారిపోతాయి తప్ప ఉప్పును కరిగించవు.

అదే నీటి ఈసీ 1.8 అయితే క్యాప్సికంకు 32 శాతం వస్తుంది. మూడో వంతు నీళ్ళు కిందికి వదలడం బెడ్డుకూ, వేరుకూ మంచిది కాదు. అప్పుడు వాన నీరు కలపాలి, లేదా పంట మార్చాలి.

డ్రిప్ కింద ఉప్పు తడి అంచుల్లో, అంటే రెండు డ్రిప్పర్ల మధ్య, బెడ్డు పైన, పక్క వాలుల్లో పేరుకుంటుంది. కప్పు చిరిగి వాన నీళ్ళు బెడ్ల మీద కారితే ఆ అంచు ఉప్పు నేరుగా వేరు దగ్గరికి కొట్టుకొస్తుంది. అందుకే వాన కారుతున్న బెడ్లకు డ్రిప్ ఆపకూడదు, ఇంకా నడపాలి. వినడానికి వింతగా ఉన్నా సరైన పని అదే.

పేరుకుపోయాక ఏం చేయాలి

పంట నిలబడి ఉండగా జగ్గు పద్ధతిలో (ఒక వంతు మట్టికి రెండు వంతుల నీళ్ళు) కొలత 1.5 దాటితే, రెండు మూడు రోజులు ఎరువు ఆపి, చదరపు మీటరు బెడ్డుకు మొత్తం 15–20 లీటర్లు విడతలుగా ఇవ్వండి. అంతకు మించితే వేరుకుళ్ళు తెగులుకు దారి. మర్నాడు కాల్షియం నైట్రేట్ పలుచగా ఇవ్వండి, ఎందుకంటే ఉప్పుతో పాటు నైట్రేట్ కూడా దిగిపోయి ఉంటుంది. కాయ అడుగు కుళ్ళుకు కాల్షియం పిచికారీ ఒక్కటే నమ్ముకోవద్దు. వేరు దగ్గర ఉప్పు తగ్గితేనే కాల్షియం కాయకు చేరుతుంది.

పంట తీసేశాక పెద్ద కడుగుడు. మల్చింగ్ షీటు తీసి, పైన తెల్లగా పేరుకున్న రెండు మూడు సెంటీమీటర్ల మట్టిని గీకి బయట పారేయండి. ఆ మట్టిని మళ్ళీ తిప్పి బెడ్డులో కలపడం చూస్తుంటాం, అది చేసిన పనంతా వృథా చేయడమే. 30 సెంటీమీటర్ల లోతు మట్టిలోంచి సగం ఉప్పు దించడానికి 15 సెంటీమీటర్ల నీళ్ళు, అంటే చదరపు మీటరుకు 150 లీటర్లు కావాలి. 30 సెంటీమీటర్ల నీళ్ళిస్తే ఐదింట నాలుగు వంతులు దిగుతుంది. 600 చదరపు మీటర్ల బెడ్లకు మొదటి లెక్కే 90,000 లీటర్లు. మైక్రో స్ప్రింక్లర్లతో నాలుగైదు రోజులకు పంచండి.

దానికి ముందు రెండు సంగతులు తప్పక చూడండి. ఒకటి, నీళ్ళు దిగడానికి దారి ఉందా? నల్లరేగడి మీద ఎర్రమట్టి తోలి కట్టిన బెడ్లలో నీళ్ళు రెండు మట్టుల కలయిక దగ్గర ఆగిపోతాయి. అర మీటరు గుంత తవ్వి, తడిపిన మర్నాడు అడుగున నీళ్ళు నిలిచాయేమో చూడండి. నిలిస్తే బెడ్ల మధ్య దారుల కింద రంధ్రాల పైపు, చుట్టూ కంకర వేసి బయటికి వాలు ఇవ్వాలి. రెండు, అది పాల చౌడా, కారు చౌడా? ఈసీ ఎక్కువై పీహెచ్ 8.5 లోపు ఉంటే పాల చౌడు. నీళ్ళు చాలు, జిప్సం దండగ. పీహెచ్ 8.5 దాటి, తడిపితే జిగురుగా, ఎండితే రాయిలా ఉంటే సోడియం పట్టిన కారు చౌడు. దానికి ల్యాబు చెప్పిన మోతాదులో జిప్సం వేసి కలిపాకే కడగాలి. జిప్సం లేకుండా మంచినీళ్ళతో కడిగితే మట్టి విడిపోయి, రంధ్రాలు మూసుకుని, ఇంకెప్పుడూ నీళ్ళు దిగని బెడ్డు మిగులుతుంది.

వాన నీళ్ళు

పాలీహౌస్ కప్పు మీద పడే వాన కాలవల ద్వారా పక్క పొలంలోకి పోతుంటే మనసు చివుక్కుమంటుంది. 700 మిల్లీమీటర్ల వాన పడే చోట 1,000 చదరపు మీటర్ల కప్పు మీద 7 లక్షల లీటర్లు పడుతుంది. ఐదో వంతు పోయినా 5.6 లక్షల లీటర్లు దక్కుతాయి. వాన నీటి ఈసీ సాధారణంగా 0.1 లోపే. 1.8 ఈసీ బోరు నీటిలో సగానికి సగం కలిపితే 0.95 అవుతుంది, క్యాప్సికంకు 32 శాతం అన్న లెక్క 15 శాతం లోపుకు దిగుతుంది. గట్టర్ల నుంచి పైపు వేసి, షీటు పరిచిన ఫారం పాండ్‌లోకి మళ్ళించండి. మొదటి వాన కప్పు మీది దుమ్మును తెస్తుంది, దాన్ని బయటికే వదిలేయండి. పాండ్ చిన్నదైతే ఆ నీటిని రోజూ వాడి ఖర్చు చేయకుండా నారు నాటిన మొదటి మూడు వారాలకూ, ఎండాకాలం పూతకూ దాచుకోండి.

మూడు నాలుగేళ్ళకోసారి కప్పు షీటు మార్చాల్సి వస్తుంది కదా. ఆ పనిని మే నెలలో పాత షీటు విప్పేలా, వానాకాలం మధ్యలో కొత్తది కప్పేలా పెట్టుకుంటే రెండు నెలల వాన బెడ్లను ఉచితంగా కడుగుతుంది. బెడ్లు కోసుకుపోకుండా పైన ఎండుగడ్డి పరిచి, గట్టర్ల కింద నీళ్ళు నిలవకుండా దారులు తీయండి. కొత్త షీటు ఎక్కించిన వారానికి, మట్టి కాస్త ఆరాక, మూడు చోట్ల నుంచి విడివిడిగా కొలవండి: డ్రిప్పర్ కింద, రెండు డ్రిప్పర్ల మధ్య, బెడ్డు అంచున. మూడూ 0.8 లోపుకు వస్తే నారు నాటండి. అంచు ఒక్కటే ఎక్కువుంటే ఆ అంచు మట్టిని చెక్కి తీసేసి, బెడ్డు సరిచేసుకుని నాటుకోవచ్చు.